అందరికన్నా ఎక్కువ చదివింది

ఏ దేశంలో మనుషులు ఎంత చదివారో, వాళ్ల బతుకుకు ఎంత నేలా నీరూ ఖర్చయ్యాయో చూసి, ఏది ఎంత అభివృద్ధి చెందిందో పోల్చే సర్వే అది. ఆ పని మీద నిఖిత బోధన్ పక్క ఊళ్లో చెరుకు రైతు ఎజ్రా ఇంటికి వచ్చింది.

“మీ ఇంట్ల అందరికన్న ఎక్కువ చదివిందెవరు బాపూ?”

“నా బిడ్డ రోజా. బీయెస్సీ చేసింది.”

నిఖిత ఫారంలో రాసుకుంది.

“తాగేది ఏం నీళ్లు?”

“బోరు నీళ్లే. చెరుకుకు తోడి తోడి ఎనిమిది వందల ఫీట్ల లోపలికి పోయినం. గా నీళ్లు తాగే రోజా కిడ్నీలు ఖరాబైనయి. సచ్చిపోయి రెండేండ్లాయె.”

నిఖిత తలెత్తి చూసింది.

“బతికున్నోళ్లనే రాయాలె బాపూ,” అని మెల్లగా చెప్పి, పేరు కొట్టేయబోయింది.

ఎజ్రా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“సదివిన మాట నిజమే గద బిడ్డా. ఉండనియ్యి.”

నిఖిత కొట్టేయలేదు. రోజా డిగ్రీ లెక్కన, ఆ సర్వేలో ఎజ్రాది బాగా అభివృద్ధి చెందిన ఇల్లు.