సాహెబు చూసిన పని

సుశీలాబాయి రోకలెత్తి మొదటి కుండను పగలగొట్టింది. ఇప్పసారా వాకిలంతా పారింది. వెనకే మహిళా మండలం ఆడవాళ్లు కట్టెలతో లింగక్క ఇంటిమీద పడ్డారు.

"మా పోరగాండ్లను తాగుబోతుల చేస్తవానే!" అంటూ సుశీలాబాయి లింగక్కను జుట్టుపట్టి ఈడ్చింది. ఎవరిదో కట్టె గురి తప్పి లింగక్క నుదుటిమీద పడింది. రక్తం కంట్లోకి కారింది.

కుర్రాళ్లను మత్తు నుంచి కాపాడే సంఘాలకు నిధులిచ్చే సాహెబు ఇదంతా ఫోటోలు తీసుకున్నాడు. "బహుత్ అచ్ఛా! వచ్చే ఏడు కూడా ఫండ్ మీకే," అని జీపెక్కి గడ్చిరోలి దారి పట్టాడు.

జీపు మలుపు తిరగగానే సుశీలాబాయి రోకలి పారేసింది. కొంగు చింపి లింగక్కకు కట్టు కట్టింది.

"జర ఓర్సుకో అక్కా. ఊళ్ల సారా ఎన్నడో బందాయె. కుండలు పలగ్గొట్టుడు సూడకుంటె మనం పనే చేస్తలేమంటడు సాహెబు."

"నా కొడుకు తాగి సచ్చిన నాడే నా కుండలు నేనే పలగ్గొట్టిన. మీరు కాళ్లు మొక్కితె మళ్ల సారా కాసిన." లింగక్క పెంకుల వైపు చూసి ఆగింది. "పెరట్ల పెట్టిన పెద్ద కుండ ఎవలు పలగ్గొట్టిండ్రే?"

సుశీలాబాయి పెరట్లోకి తొంగి చూస్తే కుండ లేదు.

పెరటి వెనక నుంచి తాగిన కుర్రాళ్ల బూతులు, కొట్లాట వినిపించాయి. "కుండ నాదిరా! దగ్గరికొస్తె పొడుస్త!"

ఆ గొంతు సుశీలాబాయి కొడుకుది. ఆ పొద్దుటిదాకా చుక్క ముట్టి ఎరగడు.