శ్లాబు కింద మేస్త్రీ

"ఈ బీగం నువ్వే చేసినావా?" అడిగింది పంకజాక్షి.

"యాప్ అక్కా. ఫోన్లో నొక్కితే తలుపు తెరుచుకుంటాది," అన్నాడు అష్ఫాక్.

"అదేలే. నువ్వే రాసినావా?"

"ఏఐ రాసింది. నేను రాయించినాను."

"అది రాసిందంతా చదివినావా?"

తిరుపతి బస్టాండు వెనక నలభై గదుల లాడ్జీని ఒంటిచేత్తో నడిపే మనిషి ముందు అబద్ధం చెప్పడం తేలిక కాదు. అష్ఫాక్ తల గోక్కున్నాడు. ఆమెకు ఆ గోకుడులోనే జవాబు దొరికింది.

"మా కార్వేటినగరం పక్క శ్లాబుకు సెంట్రింగు విప్పేటప్పుడు మేస్త్రీని దాని కిందే నిలబెడతారబ్బా. కట్టినోడికే లేని నమ్మకం కాపురముండేవాళ్ళకు యాడ్నించి వస్తాది? నువ్వూ నిలబడు."

అలా మొదలైంది పరీక్ష. ఏడో నంబరు గదికి కొత్త తాళం బిగించారు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా అష్ఫాక్ ఆ గదిలో ఉండాలి. ఊళ్ళో ఎవరైనా వచ్చి తమ ఫోనుతో ఆ తలుపు తెరవాలని చూడొచ్చు. ఎవరి వల్లా కాకపోతే మర్నాడే నలభై గదులకూ అదే తాళం. తెరుచుకుంటే మాత్రం అష్ఫాక్ ఈ యాపుల పిచ్చి మానుకుని, వాళ్ళ నాయన అంగట్లో కూర్చుని తాళంచెవులు అరగదీయాలి. ఈ షరతు పంకజాక్షిది కాదు, నాయనది.

నాయన మహబూబ్ బాషా ముప్ఫై ఏళ్ళుగా బస్టాండు ఎదుట తాళాలు బాగుచేస్తున్నాడు. లాడ్జీ గదులకు లోపలివైపున్న ఇనుప గడియలు ఆయన చేతివే. పంకజాక్షి పేచీ అంతా వాటితోనే.

"నీ గడియలు వేసేటప్పుడు నోరెత్తవు. తీసేటప్పుడు మేకను కోసినట్టు అరుస్తాయి. తెల్లారుజామున ఒకాయన దర్శనానికి లేస్తే లాడ్జీ అంతా లేస్తాది. నీ కొడుకు గెలిస్తే వాటన్నిటినీ నువ్వే పీకాల బాషన్నా."

"పీకుతాలేమ్మా. అయినా అరిచే గడియ అబద్ధమాడదు," అన్నాడు బాషా.

ఏడు గంటలకు తలుపు మూసుకుంది.

అష్ఫాక్ దగ్గర ల్యాప్‌టాపు, నీళ్ళ సీసా, పొంగలి పొట్లం ఉన్నాయి. కూర్చోగానే ఏఐని అడిగాడు, ఈ తాళంలో లోపాలేమైనా ఉన్నాయా అని. నిన్న 'అంతా భద్రం' అన్నది అదే. ఇవాళ పదకొండు చూపించింది.

'నిన్న బాగుందన్నావే?'

'మీరు చెప్పింది నిజమే. క్షమించండి.'

దాని క్షమాపణ ఎవరిక్కావాలి. ఒక బొక్క పూడిస్తే పక్కనే ఇంకోటి తవ్వుతోంది, పందికొక్కు మాదిరి.

తొమ్మిదిన్నరకు తలుపులో టక్‌మంది. ఎవరో తలుపును తోశారు. మళ్ళీ తోశారు. అది కదల్లేదు.

"అన్నా, నా పేరు సుజన. ఇంజినీరింగు మూడో సంవత్సరం," అని బయటినుంచి ఒక గొంతు. "యాప్‌లో ఎనిమిదో గది తీసుకున్నా. ఎనిమిది ఉన్న చోట ఏడు పెట్టినాను, అంతే. తెరుచుకునిందని చూపిస్తా ఉండాది. తలుపు మాత్రం తెరుచుకోలేదే?"

అష్ఫాక్ తలుపు వైపు తిరిగాడు.

"అది దొంగలకు పెట్టిన ఎర, చెల్లెమ్మా. తెరుచుకున్నట్టు చూపిస్తాది. దొంగ దాన్ని నమ్ముకొని ఆడ్నే తోసుకుంటా నిలబడిపోతాడు."

"ఏం బుర్రన్నా నీది," అంది సుజన.

"వాడి బుర్ర కాదులేమ్మా, ఆ ఏఐది అయ్యుంటాది," అన్నాడు బాషా. వరండా అంతా నవ్వింది.

మధ్యాహ్నానికి ఆ వరండా తిరునాళ్ళయింది. సెల్‌ఫోన్ అంగళ్ళవాళ్ళు వచ్చారు. శ్రీకాళహస్తి నుంచి ఎవరి బావమరిదో పనిగట్టుకుని బస్సెక్కి వచ్చాడు. తలుపులో టక్. మళ్ళీ టక్. రెండు గంటలకల్లా తొమ్మిది లెక్కపెట్టాడు అష్ఫాక్. ప్రతి టక్‌కూ కాళ్ళు ముడుచుకుని మంచం మూలకు జరిగాడు. పొంగలి పొట్లం విప్పనేలేదు. స్నానాలగది గవాక్షం వైపు చూశాడు. అందులోంచి పావురం కూడా పట్టదు.

మూడున్నరకు ఇక తనవల్ల కాదనిపించింది. ఓడిపోయానని చెప్పేద్దామని లేచి తలుపు దగ్గరికొచ్చాడు. అవతల నాయన ఎవరితోనో అంటున్నాడు.

"ముప్ఫై ఏళ్ళు బీగాలతోనే బతికినా. ఇట్లాంటిది నాకు చేతకాలేదప్పా. నా కొడుకు చేసినాడు."

ఆ గొంతులో అలాంటి మాట అష్ఫాక్ పుట్టి బుద్ధెరిగి వినలేదు. వెనక్కి పోయి మంచం మీద కూలబడ్డాడు.

ఆరు కొట్టింది. బయట చప్పట్లు.

"గెలిచినావబ్బా. నీ శ్లాబు నిలబడింది, ఇంక రా బయటికి," అంది పంకజాక్షి.

"మీ నాయన చామంతి దండ పట్టుకుని నిలబడుండాడన్నా," అంది సుజన.

అష్ఫాక్ తలుపు దాకా వచ్చి ఆగాడు. "మీరంతా కిందికి పోండక్కా. నేనే వస్తా."

"ఏం, పెండ్లికొడుకు మాదిరి సిగ్గా?"

"సిగ్గేం గాదు. ఒక్క అయిదు నిమిషాలు."

"పదకొండు గంటలు కూచున్నోడివి, ఇంకా ఏం అయిదు నిమిషాలు? పొద్దన్నుంచీ కాసుకోనుండాం, నువ్వొచ్చేది చూడకుండా పోతామా?"

నవ్వులు. ఎవరో ఈల వేశారు. బాషా చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"రవ్వంత సేపు ఎవురూ మాట్లాడొద్దండప్పా. నా కొడుకు చేసిన బీగం తెరుచుకునే సప్పుడు నేను వినాల."

వరండా అంతా తలుపుకు చెవొగ్గింది.

పొద్దున తలుపు మూసుకున్న మరుక్షణమే చప్పుడు లేకుండా తాను వేసుకున్న నాయన చేతి ఇనుప గడియ మీద, పదకొండు గంటల తర్వాత, అష్ఫాక్ మళ్ళీ చెయ్యి పెట్టాడు.