రెండు కార్డుల తగువు

బావమరిదికి,

కోడి కెలికినట్టున్న నా రాతకూ, తప్పులకూ ఏమీ అనుకోకు. నా చదువు సంగతి నీకు తెలిసిందే.

నువ్వు బిగించి ఇచ్చిన కంప్యూటర్ మొరాయించింది. మీ అక్క మాటలు రికార్డు చేసి, సగం ఒక డిస్కులో, సగం ఇంకో డిస్కులో పెట్టావు కదా. డిస్కును కంప్యూటర్‌కు కలపడానికి డిస్కుకొక కార్డు. ఒక్క కార్డే ఉంచితే దాని డిస్కు కనిపిస్తుంది. రెండూ ఉంచితే ఏదీ కనిపించదు. సగం మాటలతో ఏం వింటాను?

మెకానిక్ వచ్చి చూసి నవ్వాడు. "ఇవి తోడికోడళ్లు తాతగారూ! రెండూ ఒకే చోటు నాదంటే నాదంటున్నాయి."

"ఎలాగోలా సర్దిచెప్పు నాయనా. ఆ గొంతు మళ్లీ దొరికేది కాదు."

అతను ఒక కార్డును కింది గాడిలోకి మార్చాడు. "ఏవండీ, గడియ పెట్టారా?" అంది మీ అక్క గొంతు. రోజూలాగే "పెట్టానే" అన్నాను.

తెల్లారేసరికి మళ్లీ ఏమీ పలకలేదు. మూత విప్పి చూస్తే డిస్కుల తీగలు రెండూ కత్తెరతో కోసి ఉన్నాయి.

మీ అక్క పక్కనే నిలబడి ఉంది. ఆపరేషన్‌లో గొంతు పోయాక తన మాటలన్నీ చేతులతోనే. కత్తెర బల్ల మీద పెట్టి, ముందు కంప్యూటర్‌ను చూపించింది, తర్వాత తనను చూపించుకుంది. "ఎవరితో కాపురం చేస్తున్నారు?" అని అడిగినట్టే ఉంది.

కొత్త తీగలు కొనుక్కొచ్చాను. తన ఎదుట బిగించడానికి చెయ్యి రావడం లేదు. ఆ గొంతు వినకపోతే పొద్దు గడవడం లేదు. నువ్వే ఏదో ఒకటి తేల్చి తొందరగా జాబు రాయి.