నల్ల నార

"చేతులు చూడమంటే నా కాలు చూస్తారేంటండీ!" అని కసిరారు తాళ్ల మాస్టారు.

తలకు గుడ్డ చుట్టుకున్న పెద్దావిడ గబుక్కున చూపు తిప్పుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

అందరికంటే ఆలస్యంగా వచ్చి చివరి చాప మీద కూర్చుందావిడ. వచ్చినప్పటి నుంచీ మాస్టారి కుంటికాలి మీదే ఆవిడ కన్ను.

మాస్టారికి అసలే కాలు ఒకచోట నిలవడం లేదు. కొండ మీద మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడితే వాగు దాటలేరు. ఈలోగా అడవి మొక్కల్లోంచి నార తీయడం, తాడు పేనడం వీళ్లందరికీ నేర్పి పంపాలి. పైగా ప్రతి క్లాసులో అడిగే ప్రశ్న ఇంకా అడగనే లేదు.

షెడ్డు గోడకున్న పాత తాడు తీసి ఎత్తి చూపించారు.

"వయసులో ఉండగా ఈ కొండ కింది లోయలో పడ్డాను. కాలు విరిగింది, స్పృహ లేదు. ఎవరో అక్కడికక్కడే ఈ తాడు పేని, నాకు కట్టి రోడ్డు దాకా ఈడ్చుకొచ్చారు. నేను కళ్లు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. ఆ మనిషి మొహం కూడా చూడలేదు."

ఆయన వేలు తాడు మధ్యలో ఆగింది. అక్కడ మట్టి, చెట్టుపాలు పట్టి గట్టిపడిన నల్లటి ముక్క.

"అటూ ఇటూ మీ ముందున్న కిత్తనారే. ఈ నల్లది ఏ మొక్కదో తెలీదు. ఆ మొక్క దొరికిన చోట ఆ మనిషీ దొరుకుతాడని ఇన్నాళ్లూ వెతుకుతున్నాను. మీలో ఎవరికైనా తెలుసా?"

"జీలుగ నారేమో?" అన్నాడు ముందు కూర్చున్న బ్యాంకు గుమస్తా.

"కాదు, చూశాను."

"కోసినా మళ్లీ పెరిగేదే కదా బాబూ. దానికింత వెతుకులాట ఎందుకు?" అంది పెద్దావిడ.

"తెలిసినట్టు మాట్లాడకండి! ఆ మనిషి కనబడితే కాళ్లు పట్టుకోవాలి నేను."

ఆయన తాడు తిరిగి గోడకు తగిలించారు. ఇంకాస్త గట్టిగా అరిచారు.

"కబుర్లు చాలు! నడుముకు చుట్టి ముడి వేసేంత తాడు పేనండి. త్వరగా!"

అందరూ పనిలో పడ్డారు. మాస్టారు మబ్బు వంక చూస్తూ అటూ ఇటూ తిరుగుతున్నారు.

"బాబూ, నాకు నార చాలేట్టు లేదు."

"ఆలస్యంగా వస్తే మిగిలిందే దక్కుతుంది. ఉన్నదాంతో సరిపెట్టండి. చేతకాకపోతే అదిగో దారి."

ఆవిడ నొచ్చుకోలేదు. "పోనీ, ఆ కత్తి ఒకసారి ఇస్తారా?"

ఆయన అటు చూడకుండానే కత్తి జరిపారు.

కాసేపటికి ఫెళ్లున ఉరిమింది. చినుకులు మొదలయ్యాయి. అందరూ సంచులు సర్దుకుని వాగు వైపు పరుగులు తీశారు. పెద్దావిడ మాత్రం షెడ్డు దగ్గర ఆగింది.

"కాలు నొప్పిగా ఉంటుందా?"

"ఉంటే ఏం చేస్తారు? ముందు వాగు దాటండమ్మా, బస్సు పోతుంది!"

"నడుస్తున్నారు, అంతే చాలు" అని ఆవిడ వెళ్లిపోయింది.

వింత మనిషి అనుకుంటూ మాస్టారు చాపలు ఎత్తసాగారు. చివరి చాప మీద ఆవిడ పేనిన తాడుంది. విసుగ్గా తీసి నడుముకు చుట్టి చూశారు. ముడి వేయగా ఇంకా మిగిలింది.

అంత నార ఎక్కడిది ఈవిడకు?

తాడు మధ్యలో ఆయన వేళ్లు ఆగిపోయాయి.

చాపలు వానకు వదిలేసి, కుంటుకుంటూ పరుగెత్తారు. వాగు నిండుగా వస్తోంది. అవతలి రోడ్డు ఖాళీగా ఉంది. బస్సు పోయింది.

"అమ్మా!" అని గొంతు చించుకుని అరిచారు. ఏడుపొచ్చింది.

చేతిలోని తాడుకు అటూ ఇటూ కిత్తనారే, అది చాలని చోట జానెడు మేర పేని ఉంది, నెరిసిన జుట్టు.