నీవ్ కచ్చీ

పెరట్లో తవ్విన పునాది గుంతలోకి ఎవరో ముసలాయన దిగి, మడమతో దబదబా తొక్కుతున్నాడు.

ఓబులేశ్ ఆ గుంతకు టెంకాయ కొట్టి ఇంకా అరగంట కూడా కాలేదు.

"ఏయ్! ఎవురప్పా నువ్వు? పూజ చేసిన చోటు తొక్కుతావా?"

ముసలాయన తలెత్తాడు. ఒంటిమీద సోలార్ పార్కులో ప్లేట్లు తుడిచే కూలీల పచ్చ కోటు. వేలు ఆడిస్తూ గట్టిగా అన్నాడు.

"నీవ్ కచ్చీ! నీవ్ కచ్చీ!"

అని పైకెక్కి వెళ్ళిపోయాడు.

"ఏమంటాండాడు?" లక్ష్మీదేవమ్మ పరుగున వచ్చింది.

"నీవు కచ్చ అంటాండాడే. నాకు కచ్చ అంట! ధనంజయ గాని పంపినాడేమో."

ధనంజయ దాయాది. పెరటి హద్దు దగ్గర గొడవై ఏడాదిగా మాటల్లేవు.

"మన ఇంటి కచ్చ ఆ హిందీవానికి ఎట్ల తెలుస్తాదయ్యా?"

"అదే నాకూ అర్థం కాల్యా."

"ఆలోచిస్తా నిలబడితే షెడ్డు లేస్తాదా? ఆవు ఈ నెల్లోనే ఈనుతాది. పోయిన దూడ వానకు తడిసే సచ్చిపాయ. ఇదన్నా దక్కనీ."

మర్నాడు రాళ్ళు పేరుస్తుంటే ముసలాయన మళ్ళీ వచ్చాడు. అదే మాట. పైగా పిడికెడు మట్టి తీసి, ఓబులేశ్ కళ్ళ ముందే వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు. ఆఖరికి రెండు చేతులూ జోడించాడు.

"అయ్యో, మన్ను పోసినాడు! శాపం పెట్టినాడు!" లక్ష్మీదేవమ్మ గుండెలు బాదుకుంది.

"మన్ను పోసేది, మళ్ళా దండం పెట్టేది! ఏంది వీని కథ?"

ఓబులేశ్ నేరుగా పార్కు గేటుకు పోయి ఫిర్యాదు రాసిచ్చాడు.

ఆ తర్వాత ముసలాయన కనిపించలేదు. గోడలు లేచాయి. సిమెంటు గచ్చు పడింది. పైన రేకులు పడ్డాయి. ఆవు లోపలికొచ్చింది.

మూడో వానకే గచ్చు నడుమ బావిలా కుంగింది. ఆవు పొట్ట దాకా కూరుకుపోయింది. నలుగురు తాళ్ళు వేసి లాగారు.

ఆవు బతికింది. దూడ దక్కలేదు.

ఓబులేశ్ మళ్ళీ గేటుకు పరుగెత్తాడు. సూపర్‌వైజర్ గంగాధర చొక్కా పట్టుకున్నంత పని చేశాడు.

"యాడ ఆ ముసలోడు? ఏదో చేసినాడు! ముందే బెదిరించినాడు!"

"ఏమని?"

"నీవ్ కచ్చీ, నీవ్ కచ్చీ అని!"

గంగాధర ఆ మాటనే మెల్లగా మళ్ళీ పలికి చూశాడు.

"నీవ్ అంటే నువ్వు కాదప్పా. హిందీలో దాని అర్థం బునాది. కచ్చీ అంటే గట్టిది కాదని. ఆడ ఉండేది పోసిన మట్టా?"

ఓబులేశ్ అవునన్నట్టు తలూపాడు. పోయినేడు టిప్పర్లతో తోలించి పల్లం పూడ్చిన మట్టే అది.

"అన్నా, ఆయప్పను పిలువు. కాళ్ళు పట్టుకుంటా."

"నీ కాగితం చూసి అప్పుడే పని తీసేసిరి. వాళ్ళూరికి పాయ."

"ప్లేట్లు తుడిచేటాయనకు బునాది సంగతి ఎట్ల తెలిసె?"

గంగాధర కంచె అవతలికి చూపించాడు. కనుచూపు మేర ఇనుప కంబాలు, వాటి మీద ప్లేట్లు.

"ఆ కంబాల్లో ఒక్కటన్నా ఒరిగిందేమో చూడు. పార్కు కట్టేటప్పుడు గుంత గుంతకూ దిగి మట్టి చూసింది ఆయప్పే. ఆయప్ప సరే అంటేనే ఇంజనీర్లు కంబం నాటిస్తా ఉండ్రి."