నీలం పెట్టె గుండ్లు

దుకాణంలోకి వచ్చిన ముసలాయన ఎడమ చేత్తో టోపీ తీశాడు. కుడి చెయ్యి మాత్రం కోటు జేబులోనే ఉంచుకున్నాడు.

మోంటానాలో తుపాకుల దుకాణానికొచ్చి చెయ్యి జేబులో పెట్టుకునేవాణ్ణి ఎవరూ ఇష్టపడరు. దుకాణం యజమాని ఓరిన్‌కి అసలే నచ్చలేదు.

"నలభై ఒకటి క్యాలిబర్ రివాల్వర్‌కి గుండ్లున్నాయా? నీలం పెట్టెల్లో వచ్చినవి," అడిగాడు ముసలాయన.

కౌంటర్ దగ్గర కాఫీ తాగుతున్న పాత ఖాతాదారు డ్వేన్ కిసుక్కున నవ్వాడు. "ఏ లోకంలో ఉన్నారు పెద్దాయనా? ఏడాదిగా ఆ గుండ్ల మొహం చూసినవాడు లేడు."

నిజానికి ఓరిన్ వెనక గదిలో మూడు పెట్టెలున్నాయి. ఎన్ని ఊళ్ళు తిరిగి, ఎంతమంది గడ్డాలు పట్టుకుంటే దొరికాయో ఆయనకే తెలుసు.

మంచు కరగగానే కూతురు నెల్లీ ఆవుల్ని తోలుకుని కొండెక్కుతుంది. అక్కడ ఎలుగుబంట్లు. ఆమె నడుముకి ఉండేది తాత ఇచ్చిన పాత రివాల్వర్. దానికి తూటాలు బజారులో దొరకడం మానేశాయి. ఖాళీ గొట్టాల్లో తుపాకిమందు పోసి, పైన గుండు బిగించి ఓరినే తయారుచేసి ఇవ్వాలి. మందుంది, గొట్టాలున్నాయి. గుండ్లకే కరువు.

"లేవు," అన్నాడు ఓరిన్.

"మీరే కొన్నారని పక్క ఊళ్ళో చెప్పారు. ఎంతంటే అంత ఇస్తాను."

"ఉన్నా అమ్మను. అవి మా అమ్మాయికి."

ముసలాయన మొహం పాలిపోయింది. "అమ్మాయికి ఇవ్వకండి. ఆ పెట్టెల్లో గుండ్లు తారుమారయ్యాయి. పైన రాసిన బరువు ఒకటి, లోపలున్నది ఒకటి. బరువైన గుండుకి మందు తక్కువ పోయాలి. ఆ రాత నమ్మి ఎక్కువ పోస్తే రివాల్వర్ చేతిలోనే పేలుతుంది."

డ్వేన్ పగలబడి నవ్వాడు. "ఇది కొత్త రకం. మొన్నొకడు చచ్చిపోయిన తండ్రి ఆఖరి కోరికంటూ గుండ్లు అడిగాడు. ఇలా చెప్పి ఎన్ని దుకాణాలు ఊడ్చారేంటి?"

"మీకెలా తెలుసు?" అన్నాడు ఓరిన్.

"చూపిస్తాను," అంటూ ముసలాయన జేబులోంచి చెయ్యి తీయబోయాడు.

ఓరిన్ చెయ్యి కౌంటర్ కిందికి పోయి పిస్తోలుతో పైకి వచ్చింది.

"ఆ చెయ్యి ఎక్కడుందో అక్కడే ఉంచండి. తలుపు అటు."

ముసలాయన ఎడమ చేత్తో టోపీ పెట్టుకున్నాడు.

"కనీసం ఒక్క గుండు తూచి చూడండి," అని, భుజంతో తలుపు నెట్టుకుని వెళ్ళిపోయాడు.

త్రాసు కౌంటర్ మీదే ఉంది. దొంగమాటకు త్రాసెందుకన్న పొగరుతో ఓరిన్ దాని వైపు కూడా చూడలేదు. పెట్టె మీద రాసిన బరువు ప్రకారమే మందు పోసి తూటాలు తయారుచేశాడు.

మర్నాడు అవి చూసి నెల్లీ తండ్రి మెడ చుట్టూ చేతులేసింది. "ఎక్కడ దొరికాయి నాన్నా?"

"అవన్నీ నీకెందుకు? కొండెక్కేముందు నాలుగు కాల్చి చూసుకో."

మొదటి తూటాకే రివాల్వర్ ఆమె చేతిలో పేలిపోయింది.

ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఓరిన్ చొక్కా నిండా కూతురి రక్తం. ఎవరో వచ్చి ఎదురుగా నిలబడ్డారు. తలెత్తి చూస్తే ఆ ముసలాయనే.

"చెప్పినా వినలేదని దెప్పడానికి వచ్చారా?" అన్నాడు ఓరిన్.

"కాదు. ఇంకోసారి మిమ్మల్ని బతిమాలదామనే ఊళ్ళో ఆగాను. ఇంతలో అంబులెన్స్ వెళ్ళడం చూశాను." ముసలాయన పక్కన కూర్చున్నాడు. "అమ్మాయిది ఏ చెయ్యి?"

"కుడిది."

"మొదట్లో బొత్తాలు పెట్టుకోవడమే కష్టం," అన్నాడు ముసలాయన. "రాను రాను అలవాటవుతుంది. ఆమెకు ఇష్టమైతే నేను నేర్పిస్తాను."

"మీరా?"

ముసలాయన జేబులోంచి మెల్లగా కుడి చెయ్యి బయటికి తీశాడు. ఈసారి ఓరిన్ ఆపలేదు. ఆ చేతికి బొటనవేలు తప్ప వేళ్ళే లేవు.