తెర మీద తువ్వాల

మానిటర్ మీద ఎవరిదో తువ్వాల పరిచి ఉంది.

దుమ్ము పడకుండా కప్పిన గుడ్డ అనుకున్నాడు అమరేందర్. తీసి దానితోనే తెర తుడిచాడు. ఎండనపడి దేవరకొండ నుంచి వచ్చాడు కదా, పనిలో పనిగా మెడ కూడా తుడుచుకున్నాడు.

"సేటూ, జర గిది చాలూ చెయ్యి."

పాలమూరులో కంప్యూటర్లు అమ్మే జంగయ్య సేటు లోపలి గదిలోంచి వచ్చి స్విచ్ వేశాడు. పక్కపక్కన ఉన్న రెండు మానిటర్లూ వెలిగాయి.

అమరేందర్ జేబులోంచి ఫ్లాపీ తీసిచ్చాడు. అందులో తను గీసిన పెళ్లి కార్డు ఉంది.

పెద్ద మానిటర్ మీద వినాయకుడి తొండం మెట్లు మెట్లుగా కనిపించింది. మామిడాకుల తోరణం ఒట్టి పచ్చటి ముద్ద. తువ్వాల తీసిన మానిటర్ మీద అదే కార్డు వేస్తే ఆకుల ఈనెలతో సహా తేటగా వచ్చింది. అమరేందర్ నోరు తెరిచి నిలబడ్డాడు.

"గిదే కావాలె."

"అది అయిపోయింది తమ్మీ."

"కండ్ల ముంగట వెట్టుకొని అయిపోయిందంటవేంది?"

"తువ్వాలేసి పోయిండు గదనయ్యా ఆయన! నువ్వే తీసి బుజాన ఏసుకుంటివి. జుమ్మా నమాజుకు పోయిండు, వస్తడు."

బస్సు కిటికీలోంచి తువ్వాల పడితే ఆ సీటు ఇంకొకరిదని అమరేందర్‌కు తెలియక కాదు. మానిటర్లకు కూడా అదే కాయిదా నడుస్తుందని అతను అనుకోలేదు.

"ఇంకోటి లేదా?"

"గిసొంటిది ఒక్కటే వచ్చింది. మల్ల దసరా దాటినంకనే."

దసరా దాటాక వస్తే ఎవరికి లాభం? శ్రావణం పెళ్లిళ్లు నెత్తి మీదికొచ్చాయి.

అంతలో తువ్వాల మనిషి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. తెల్ల లాల్చీ, టోపీ. తన తువ్వాల ఇంకొకరి భుజం మీద ఉండటం చూసి నవ్వాడు.

అమరేందర్ గబుక్కున తీసిచ్చాడు.

"తప్పయింది చాచా. తెల్వక తీసిన."

"ఫికర్ జెయ్యకు."

"చాచా, మీకు దండం వెడ్త. గీ మానిటర్ నాకిడిసిపెట్టుండ్రి."

"గంత తిప్పలేమొచ్చె బేటా?"

అమరేందర్ చెప్పుకున్నాడు. పెళ్లి కార్డు చూడటానికి ఒక్కరు రారు, ఇంటిల్లిపాదీ వస్తారు. మేనత్తలూ అవ్వలూ తెర ముందు కూర్చుని సరే అంటేనే కార్డు అచ్చుకు పోతుంది. ఇప్పుడున్న పాత మానిటర్‌లో వినాయకుణ్ణి చూసి ఒక అవ్వ "గీ గొర్రెపోతేంది బిడ్డా?" అనేసింది. పెళ్లివారంతా ఆమె వెనకే నడిచారు.

"మా బాపు గొర్ల మందనమ్మి నాకు కంప్యూటర్ కొనిచ్చిండు చాచా. ఇప్పుడు నా దుకాణం ఎదురుంగనే ఇంకొకడు కంప్యూటర్ వెడ్తడట. గుర్వమ్మ మడిగె కిరాయికి పట్టిండు. వాడు మంచి మిషిన్ తెచ్చిండంటె నా పని ఖతం."

"ఎవరాయన?"

"ఎవడో పొరుగూరోడు. పేరు గూడ తెల్వది. వాని దుకాణం మన్నువడ, మా ఊరే దొరికిందా వానికి?"

చాచా తువ్వాల మడత పెట్టాడు. మళ్లీ విప్పి మడత పెట్టాడు.

"మీ బాపు ఇప్పుడేం జేస్తున్నడు?"

"ఊరోళ్ల గొర్లను కాస్తున్నడు."

చాచా తువ్వాల భుజాన వేసుకున్నాడు. తర్వాత సేటు వైపు తిరిగాడు.

"సేటూ, గీ పిలగానికే కట్టియ్యి. నాకు తొందర లేదు."

అంతే. బేరం లేదు, బెట్టు లేదు. ఎందుకిచ్చాడో అడుగుదామనుకున్నాడు అమరేందర్. అడిగితే మనసు మార్చుకుంటాడేమోనని నోరు మూసుకున్నాడు.

చాచా మానిటర్ డబ్బాకు ఒక పక్క చెయ్యేసి బస్టాండు దాకా వచ్చాడు. దేవరకొండ బస్సు కిక్కిరిసి ఉంది. ఆయనే కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టాడు.

"టాపు మీద ఎయ్యకు బేటా. అద్దం సామాను, వొళ్లె వెట్టుకో."

పేరడగలేదన్న సోయి అమరేందర్‌కు జడ్చర్ల దాటాక గానీ రాలేదు.

శ్రావణం కలిసొచ్చింది. కొత్త మానిటర్ ముందు కూర్చున్న అవ్వలు వినాయకుణ్ణి వినాయకుడే అన్నారు. తండ్రి బీరన్న, కొడుకు సంపాదనతో మళ్లీ సొంతానికి గొర్రెలు కొన్నాడు. మీసం కూడా దువ్వుకున్నాడు.

ఎదురుగా ఉన్న గుర్వమ్మ దుకాణం గది తాళం మాత్రం ఎవరూ తియ్యలేదు. దసరా పోయింది, దీపావళి పోయింది.

కార్తీకంలో గుర్వమ్మే అతని దుకాణానికి వచ్చింది.

"నా మడిగె గూడ నువ్వే తీస్కో బిడ్డా. నీ దుకాణంల జనం పడ్తలేరు, బయట నిలవడ్తున్నరు."

"మరి ఆ పొరుగూరాయన?"

"ఇగ రాడు. పోయిన వారం తాళంచెవి తెచ్చిచ్చిండు."

అమరేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"నా పని జూసి జంకిండు గావొచ్చవ్వా!"

"జంకుడా? పదేండ్లు సౌదీల గోసవడి, ఇగ పెండ్లాం పిల్లల దగ్గర్నే ఉంట, ఏదన్న దుకాణం వెట్టుకొని బతుకుత అని వచ్చినోడు మక్తల్ హమీదు. ఈడ ఇడిసిపెట్టి వేరే ఊర్లల్ల జాగా దేవులాడిండు, యాడ గుదరలే. మొన్న మల్ల సౌదీకే పోయిండు."

"మరి ఈడెందుకు ఇడిసిపెట్టిండు?"

"నేను గూడ గదే అడిగిన బిడ్డా. 'పాలమూరుల నా చేతులతోని ఆ పిలగానికి మిషిన్ ఇప్పిచ్చి బస్సెక్కిచ్చిన, ఇగ వాని ఎదురుంగ నేనేం దుకాణం వెట్టాలె అవ్వా?' అన్నడు."